ఊదా మూత ట్యూబు మీద టైమ్

జనరల్ మెడిసిన్ పీజీలో చేరిన కొత్తలో థీసిస్ టాపిక్ అడిగితే మా గైడ్ మేడమ్ ఒకటే అన్నారు: "పేషెంటుకి ఖర్చు పెట్టించనిది తీసుకో." అలా నా నెత్తిన పడింది ఎంపీవీ, అంటే ప్లేట్‌లెట్ల సగటు సైజు. పక్షవాతంతో వచ్చినవాళ్లకి ఎలాగూ సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, పంపుతాం. ఆ రిపోర్టులోనే అడుగున ఎక్కడో ఉంటుంది ఈ అంకె, ఎవరూ చూడరు. పెద్ద ప్లేట్‌లెట్లు గడ్డ కట్టించడంలో చురుకైనవి. మరి సైజు ఎక్కువ ఉన్నవాళ్లకి స్ట్రోక్ కూడా గట్టిగా కొడుతుందా? అదీ ప్రశ్న. సీటీలో రక్తస్రావం కనిపించినవాళ్లని పక్కన పెట్టి, గడ్డ వల్ల వచ్చిన కేసులే తీసుకున్నాను.

స్ట్రోక్ తీవ్రత కొలవడానికి ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ అనే స్కోరు, 0 నుంచి 42 దాకా; ఎక్కువైతే అంత తీవ్రం. ఒక మధ్యాహ్నం ఎడమ పక్క పడిపోయిన తాతని తెచ్చారు. చెయ్యి లేపి పట్టుకోమని పైకే పది లెక్కపెట్టాలి. నేను "మూడు" అనేసరికి చెయ్యి జారుతోంది, "నాలుగు"కి ఆగిపోయింది. చూస్తే కింద నుంచి మామ్మగారు పట్టుకునున్నారు! "మీరు వదిలెయ్యాలి మామ్మా" అంటే వదల్లేక వదిలారు. చెయ్యి దబ్బున మంచం మీద పడింది.

కొడుకు అడిగింది వేరే. "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి సార్, ఎక్కించాలా?" డెంగీ నేర్పిన చదువు అది. రెండు లక్షల పైనే ఉన్నాయి, బాగున్నాయి అన్నా నమ్మకం కుదరక, సాయంత్రానికి బొప్పాయాకు రసం సీసా తెచ్చాడు. మింగగలడో లేదో చూడకుండా నోట్లో చుక్క పొయ్యొద్దని దాన్ని పక్కన పెట్టించాను.

కొన్ని నెలలయ్యాక లెక్కలు చూస్తే తిక్క పుట్టింది. మూతి కాస్త వంకరపోయి, నడుచుకుంటూ వచ్చినవాళ్లకి కూడా ఎంపీవీ ఎక్కువే. ల్యాబ్ టెక్నీషియన్ తాపీగా చెప్పాడు: "రాత్రి శాంపిళ్లు పొద్దున్నే కదా సార్ మెషీన్లో పెట్టేది." సీబీపీకి రక్తం తీసే ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం. అందులో నానేకొద్దీ పళ్లెంలా ఉండే ప్లేట్‌లెట్లు బంతుల్లా ఉబ్బుతాయి. నేను కొలుస్తున్నది జబ్బుని కాదు, ఆలస్యాన్ని. అనుమానం తీరక నా రక్తమే తీయించుకుని వెంటనే ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టించాను. అంకె పెరిగింది. నాకేమీ స్ట్రోక్ రాలేదు మరి.

టైమ్ తెలియని శాంపిళ్లన్నీ తీసేశాను, ఏడుపొచ్చినంత పనైంది. ఆ తర్వాత ట్యూబు మీద మార్కరుతో టైమ్ రాసి, నేనే మెట్లు దిగి ల్యాబుకి మోసేవాణ్ని. రెండు గంటలు దాటితే లెక్కలోకి రాదు.

చివరికి స్కోరు ఎక్కువున్న గుంపులో సైజు కొంచెం పెద్దదే తేలింది. కానీ రెండు గుంపుల అంకెలూ ఒకదాంట్లోకి ఒకటి చొరబడి ఉన్నాయి. ఒక్క మనిషి రిపోర్టు చూసి ఇంత తీవ్రం అని చెప్పే వీల్లేదు. తాత శాంపిల్ అరగంటలోనే పెట్టించాను, ఎంపీవీ మామూలుగానే వచ్చింది. నా గ్రాఫులో ఆయన చుక్క గీతకి ఎక్కడో దూరంగా ఒక్కటే ఉంటుంది.