ఫ్రిజ్‌లో ఏడో లేబుల్ మళ్లీ తెల్లమొహం వేసింది

శనివారం పొద్దున్నే బావ ఫోన్. "బామ్మర్దీ, నీ ఏడో నంబరు మళ్లీ పడుకుంది. దోసె పిండి రేటు అట్టముక్క మీద రాసి పెట్టా, వచ్చి లేపు."

బెంగళూరు మారతహళ్లిలో బావ కొట్లో నేను పెట్టిన ఎలక్ట్రానిక్ ధరల లేబుళ్లు (సెల్‌తో నడుస్తూ రేడియోలో రేటు అందుకునే చిన్న ఈ-పేపర్ తెరలు) పన్నెండిట్లో పదకొండు బుద్ధిగా ఉన్నాయి. రాత్రి 11 నుంచి 6 దాకా నిద్ర, పగలు 40 సెకన్లకోసారి పలకరింపు (కొత్త రేటు ఉందా అని రేడియోలో అడగడం), రేటు మారిస్తే నిమిషంలోపు కనిపిస్తుంది. ఏడోది మాత్రం గాజు తలుపు ఫ్రిజ్ లోపల, పిండి డబ్బాల ముందు ఉంటుంది. మొదటిసారి 19 రోజులకు పోయింది. పలకరింపు విరామం పెంచితే బతుకుతుందేమోనని, అంటే మూడు నిమిషాలకోసారి చేసి చూశా. ఈసారి 16 రోజులకే పోయింది. పైగా సాయంత్రం ఏడింటికి నిన్నటి పిండి మీద ఎర్ర అక్షరాల్లో పడాల్సిన తగ్గింపు ఆలస్యమై, బావ చేతిలో తిట్లు.

సరే, లెక్క వేద్దామని ఆఫీసు మిత్రుడి దగ్గర నార్డిక్ పవర్ ప్రొఫైలర్ (అతి చిన్న కరెంటును కూడా కొలిచే పరికరం) తెచ్చా. (మల్టీమీటర్‌తో మైక్రో ఆంప్‌లు కొలిచి మోసపోయినవాళ్లలో నేనూ ఒకణ్ని.) నిద్రలో 2.8 మైక్రో ఆంప్. ఒక పలకరింపుకు 9 మిల్లీ ఆంప్ చొప్పున 25 మిల్లీ సెకన్లు. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ 480 మిల్లీ సెకన్లు, అంటే ఒక్క వైఫల్యం 19 పలకరింపులతో సమానం. ఎరుపుతో పూర్తి రిఫ్రెష్ (తెరంతా చెరిపి మళ్లీ గీయడం) అయితే 17 సెకన్లు, సగటున 5 మిల్లీ ఆంప్. ఒక్క ఎరుపు ఖర్చుతో 370 సార్లకు పైగా పలకరించి రావచ్చు! ఇన్నాళ్లూ నేను విరామంతో కుస్తీ పడుతున్నా.

ఫ్రిజ్‌లో సిగ్నల్ -91 డీబీఎం, బయటివాటికి -60 చుట్టూ (సున్నాకు ఎంత దూరమైతే అంత బలహీనం). 40 సెకన్ల రోజుల లాగ్ తిరగేస్తే, రోజుకు రావాల్సిన 1530 పలకరింపుల్లో 620 దాకా గల్లంతు. అవన్నీ కలిపినా రోజుకు ఒక ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్, సెల్‌లో ఉండే చార్జీ కొలత). 19 రోజులకు 20 కూడా కాదు. లోపల ఉన్నవి రెండు సీఆర్ 2450 బిళ్ల సెల్స్, రెండూ కలిపి దాదాపు 1200 ఎంఏహెచ్. మరి ఎవరు తాగేశారు?

ఎవరూ తాగలేదు. తీసిన సెల్స్ గంటసేపు బయట పెట్టి కొలిస్తే 3.02 వోల్ట్‌లు. ఇంకో లేబుల్‌లో వేస్తే ఝామ్మని పనిచేశాయి. అప్పుడు 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఒక సెకను లోడ్ ఇచ్చా: గది వేడిలో 2.71, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే 2.32. చలికి సెల్ అంతర్నిరోధం, అంటే కరెంటుకు లోపలే పడే అడ్డు, రెండున్నర రెట్లు దాటింది. ఆ స్థితిలో చిప్ ఆగిపోతోంది, తెర సగం చెరిగి తెల్లగా మిగిలిపోతోంది.

ఈ చలి అనుమానం నాకు ముందే వచ్చింది. ఇంట్లో మా ఫ్రిజ్‌లో వారం పెడితే ఏమీ కాలేదు, అందుకే కొట్టిపారేశా. ఇప్పుడు చూస్తే అక్కడ ఎరుపు లేని త్వరిత రిఫ్రెష్ పెట్టి పరీక్షించాను. బుద్ధి లేక! కొట్లో ఎరుపు వేస్తే, ఆ చల్లదనానికి 17 సెకన్లు కాస్తా 26 అవుతోంది. దానికి ముందు తెర మీద వేయాల్సిన బొమ్మ రేడియోలో ముక్కలు ముక్కలుగా దిగి, పోయినవి మళ్లీ దిగి, సెల్‌కు తేరుకునే సందే ఉండట్లేదు. ఇది నా ఊహే.

సెల్‌కు సాయంగా కాస్త చార్జీ దాచిపెట్టే కెపాసిటర్ కథ వేరు. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డులో 470 మైక్రో ఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కొని అతికించా. దాని లీకేజీతో నిద్ర కరెంటు 2.8 నుంచి 9 మైక్రో ఆంప్ అయింది. పీకేశా. 100 మైక్రో ఫారడ్ సెరామిక్ వాటికి లీకేజీ తక్కువే, కానీ 26 సెకన్ల భారాన్ని అవి మోయవు, తొలి కుదుపును మాత్రం ఆపుతాయి. సెల్స్ విషయంలో పేరు లేని స్ట్రిప్‌లు ఇక కొనను. అదే చల్లటి పరీక్షలో పానాసోనిక్ 2.55 వోల్ట్‌ల దగ్గర నిలబడింది, ధర ఎక్కువైనా సరే.

పలకరింపులు గల్లంతవడానికి కారణమైన రేడియో ఛానల్ తప్పు పూర్తిగా నాదే. ఈ లేబుళ్లను నడిపే ఓపెన్ ఈపేపర్ లింక్ సాఫ్ట్‌వేర్‌లో 11 పెట్టి వదిలేశా, అది 2405 మెగాహెర్ట్జ్. కొట్లో వైఫై ఒకటో ఛానల్, సరిగ్గా దాని మీదే. 25కి, అంటే 2475కి మార్చాక గల్లంతు 620 నుంచి 240కి దిగింది. మిగతా 240 ఫ్రిజ్ రేకువే అయ్యుండాలి.

ప్రస్తుతం పానాసోనిక్ సెల్స్, మళ్లీ 40 సెకన్లు, ఏడో లేబుల్‌కు ఎరుపు బంద్. "తగ్గింపు నల్లగా ఉంటే ఎవరు చూస్తారు?" అని బావ సణుగుడు. అక్షరాలు తిరగేసి నల్ల గడిలో తెల్లగా వేశా. (ఆ పని కంప్యూటర్‌లో పిల్లో అనే బొమ్మల లైబ్రరీతో, అదీ అక్షరాలను సరిగా కూర్చే లిబ్‌రాక్మ్ ఉంటేనే. లేకపోతే ఒత్తులన్నీ పక్కన వచ్చి కూర్చుంటాయి.)

వచ్చే ఆదివారం సెల్స్‌ను మాత్రం ఫ్రిజ్ బయటకు తెచ్చి, తలుపు రబ్బరు సందులోంచి సన్నటి ఎనామెల్ తీగ లాగి చూడాలి. తలుపు సరిగా మూసుకోకపోతే పిండి పులుస్తుందని అక్క ఇప్పటికే హెచ్చరించింది.