14 వేల ఐసు పెట్టె, 150 రూపాయల థర్మాకోల్ డబ్బా: ఒక ఎండాకాలం నా అనుభవం

నాది నల్లగొండ. విత్తనాల కంపెనీలో ఫీల్డు పని. పొద్దున ఎనిమిదింటికి బండి తీస్తే హాలియా, మిర్యాలగూడ, దేవరకొండ తిరిగి చీకటి పడ్డాకే ఇంటికి. మే నెలలో మా దగ్గర ఎండ 44, 45 దాకా పోతుంది, బండి మీద ఉన్నోడికి ఆ లెక్క కూడా తక్కువే అనిపిస్తుంది. పైగా ఫ్లోరైడ్‌కు పేరు పడ్డ జిల్లా కాబట్టి దారిలో కనబడ్డ బోరు నీళ్లు తాగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, ఎటు పోయినా నీళ్లు వెంట ఉండాల్సిందే. అందుకే బాటిల్ నాకు షోకు కాదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసిన ఖర్చు చూస్తే మా ఆవిడ అన్న మాటే మీరూ అంటారు.

మొదట కొన్నది లీటరు స్టీలు ఫ్లాస్కు బాటిల్. ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలు, ఏడాది వారంటీ. ఏడు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. పొద్దున ఫ్రిజ్ నీళ్లు పోసి పిడికెడు ఐసు ముక్కలు వేస్తే సాయంత్రం నాలుగింటికి కూడా గొంతులో చల్లగా దిగేవి. ఏప్రిల్‌లో ఒకరోజు హాలియాలో డీలర్ దగ్గర కూర్చున్నా. బాటిల్ ఆయన ఖాతా పుస్తకం మీద పెట్టి మాటల్లో పడ్డాను. తీసి చూస్తే కాగితం మీద గుండ్రంగా తడి, ఎవరిదో బాకీ అంకె నీలంగా కరిగి పక్క గళ్లలోకి పాకింది. "ఏంది సార్, మీ బాటిల్‌కు చెమట పడుతున్నది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ అంకె మళ్లీ రాసుకోవడానికి పాత చిట్టీలన్నీ తీయాల్సి వచ్చింది పాపం.

ఫ్లాస్కుకు బయట చెమట పట్టిందంటే దాని పని అయిపోయినట్టే. ఈ బాటిల్‌కు రెండు గోడలుంటాయి, మధ్యలో గాలి తీసేసి ఉంటుంది. గాలి లేని చోట వేడి దాటడానికి దారి దాదాపు దొరకదు. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త తన ప్రయోగాల కోసం గాజుతో చేసుకున్నది ఇదే, 1913లో విలియం స్టాన్లీ దాన్నే స్టీలుతో చేశాడు. 800 పెట్టి కొన్నా 4,000 పెట్టి కొన్నా లోపల ఉన్నది అదే ఖాళీ. ఎక్కడో అతుకు దగ్గర వెంట్రుకంత సందు పడి ఆ ఖాళీలోకి గాలి పోయిందా, మీ చేతిలో ఉన్నది మామూలు స్టీలు చెంబే, కాకపోతే కొంచెం బరువెక్కువ.

సరే, వారంటీ ఉంది కదా అని ఫోన్ చేశాను. బిల్లు పంపమన్నారు, పంపాను. బాటిల్ అడుగున ఉన్న నంబరు ఫోటో అడిగారు, అది అరిగిపోయి పిండి రుద్దితే గానీ కనపడలేదు. తర్వాత వీడియో కావాలన్నారు: మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, బయట చెయ్యి పెట్టి చూపించాలి. చెయ్యి పెట్టాను, చురుక్కుమని వెనక్కి తీశాను, ఆ వీడియో ఇప్పటికీ మా పిల్లలకు తమాషా. ఇంత చేశాక వచ్చిన జవాబేమిటంటే, బాటిల్ మీద సొట్ట ఉంది కాబట్టి వారంటీ వర్తించదట. సొట్ట ఉన్న మాట నిజమే. కానీ అది మే మొదటి వారంలో బండి స్టాండు జారినప్పుడు పడ్డది, చెమట పట్టింది అంతకు ముందు. నా దగ్గర రుజువుంది, ఆ తడిసిన ఖాతా పుస్తకం ఫోటో! డీలర్ గ్రూపులో సరదాకు పెట్టిన ఫోటో అది, తారీఖుతో సహా ఉంది, అందులో బాటిల్ సొట్ట లేకుండా నున్నగా నిలబడి ఉంది. అది పంపినా పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు 1915కి, అంటే కేంద్రం నడిపే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, బిల్లూ ఫోటోలూ అన్నీ మళ్లీ పెట్టాను. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడారు. రెండు వారాల్లోపు కొత్త బాటిల్ వచ్చింది. రంగు మాత్రం గులాబీ. నలుపు స్టాకు లేదట. పాతది వాపసు అడగనే లేదు.

ఈ బాటిల్ గొడవ నడుస్తున్నప్పుడే నేను అసలు తప్పు చేశాను. మా బావ డాలస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో వాళ్ల గ్యారేజీలో ఉన్న యెటి ఐసు పెట్టె చూపించి, మూడు రోజులైనా ఐసు అట్లనే ఉంటది అన్నాడు. టెక్సస్‌లో చేపలు పట్టే అన్నదమ్ములు ఇద్దరు 2006లో పెట్టిన కంపెనీ అది, పడవ మీదా అడవిలోనూ రోజుల తరబడి ఉండేవాళ్ల కోసం. నేను అది ఆలోచించలేదు. మా నాయిన బత్తాయి తోటలో కోత మొదలవుతోంది, పదిమంది కూలీలుంటారు, చల్లటి నీళ్లకు బాగుంటుంది అనుకుని అదే పద్ధతిలో చేసిన వేరే కంపెనీ పెట్టె ఒకటి 14 వేలకు తెప్పించాను. రెండంగుళాల మందం ఫోము, రబ్బరు బిగింపు మూత, ఖాళీ పెట్టే ఎనిమిది కిలోల పైన. బండి మీద కట్టడం కాని పని, ఆటోకు ఇచ్చాను. నాయిన చూసి, "ఏందిరా ఇది, పెండ్లిపిల్ల బట్టల పెట్టె లెక్కుంది" అన్నాడు.

పైసలు పోశాం కదా, ఎంత గట్టిదో చూద్దామని పోటీ పెట్టాను. నాగార్జునసాగర్ చేపలమ్మే ఆయన దగ్గర 150కి థర్మాకోల్ డబ్బా కొన్నాను, దాదాపు అదే సైజు. ఐసు ఫ్యాక్టరీలో గడ్డ కొట్టించి, కిరాణా షాపు కాంటా మీద తూచి రెండింట్లో ఐదేసి కిలోలు. పొద్దున ఏడింటికి వరండాలో నీడలో పెట్టాము. సాయంత్రం ఐదింటికి నీళ్లు వంపేసి మళ్లీ తూస్తే 14 వేల పెట్టెలో మూడు కిలోల చిల్లర, థర్మాకోల్‌లో ఒకటీ ముప్పావు. తెల్లారి ఏడింటికి చూస్తే థర్మాకోల్‌లో ఒట్టి నీళ్లే, పెద్ద పెట్టెలో ఇంకా కిలోన్నర గడ్డ. పెట్టె అబద్ధం ఆడలేదు, గెలిచింది. కానీ నాకు కావాల్సింది పొద్దున్నుంచి సాయంత్రం దాకానే కదా! ఇంకో కిలోన్నర ఐసు ఎక్కువ వేస్తే థర్మాకోలే దాని పక్కన నిలబడుతుంది. కిలో ఐసు కరగడానికి పట్టే వేడితో కిలో చన్నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు, అంటే బలమంతా ఐసులోనే ఉంది, పెట్టె కాపలాదారు మాత్రమే.

ఇంకొకటి కూడా ఆ రోజే తెలిసింది. మొదటి గంటల్లో ఐసులో కొంత ఆ పెట్టే తినేస్తుంది. ఎండలో ఆటోలో వచ్చి కాగి ఉన్న ఎనిమిది కిలోల ప్లాస్టిక్ చల్లారాలి కదా. రెండోసారి ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల బాటిళ్లు నాలుగు అందులో పెట్టి మూసి, పొద్దున వాటిని తీసి ఐసు నింపాను, తేడా బాగా కనపడింది. ఈ మర్మం ఏ కంపెనీ పెట్టెకైనా పనికొస్తుంది. ఎడాపెడా మూత తీయకపోవడం, తడి గోనెసంచి కప్పడం, నీడ జరిగినప్పుడల్లా డబ్బా జరపడం, వీటికి పైసా ఖర్చు లేదు. సాగర్ చేపలాయనను అడిగాను, ఇట్లాంటి పెట్టె కొనవచ్చు కదా అని. "రోజూ కొత్త ఐసు ఏస్త కద సారూ, అదెందుకు" అన్నాడు. ఐసు మీద బతికేవాడి లెక్క అది, నాకు 14 వేలు పోశాక అర్థమైంది.

తోటలో అయితే ఇంకా విచిత్రం. ఐసు నీళ్లు గ్లాసుల్లో పోసి ఇస్తే ఒక పెద్దమ్మ ఒక్క గుటక వేసి, "పండ్లు జివ్వుమంటున్నయ్ బిడ్డా, నాకు రంజన్ నీళ్లే ఇయ్యి" అంది. మిగతా వాళ్లు కూడా మెల్లగా అటే పోయారు. చెట్టు కింద ఇసుకలో కూర్చోబెట్టిన నాయిన రంజన్, చుట్టూ తడి గోనె. మట్టిలోంచి ఊరిన నీరు ఆవిరైపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది, గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా. మా వడగాలి దానికి వరం. బందరు లాంటి ఉక్కపోత ఊళ్లో అదే కుండ ఇంత చల్లగా ఉండదు. నాయిన ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకున్నాడు. అదే ఎక్కువ బాధేసింది.

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నా మాట. రోజూ ఎండలో తిరిగేవాళ్లకు స్టీలు ఫ్లాస్కు బాటిల్ పెట్టిన ప్రతి రూపాయికీ పనిచేస్తుంది, కానీ వెయ్యి, పదిహేను వందలు దాటితే మీరు కొనేది రంగూ పేరూ. ఇప్పుడు ఫ్యాషన్ అయిన పిడి ఉన్న పెద్ద టంబ్లర్లు కారులో కప్పు పెట్టే చోటు కోసం చేసినవి, బండి మీద తిరిగేవాడికి దండగ. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కు అయితే దాని మీద ఐఎస్ 17526 అని ఉంటుంది. మా నాయినకు టీ ఫ్లాస్కు ప్రకాశం బజార్‌లో కొన్నప్పుడు నేను పక్క టీ కొట్టు నుంచి వేడినీళ్లు తెప్పించి పోసి చూశాను, షాపాయన మొహం మాడ్చుకున్నాడు గానీ మొదట ఇచ్చిన దానికి నడుము దగ్గర వేడి తగిలింది, మార్చి ఇంకోటి ఇచ్చాడు. బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి, కొన్నరోజే బాటిల్ ఫోటో కూడా.

పెట్టె ఇప్పుడు మా ఇంట్లో లేదు. ఎదురింటి వాళ్ల పెండ్లికి కూల్‌డ్రింకుల కోసం పోయింది, అక్కణ్నుంచి వాళ్ల చుట్టాలింటి ఫంక్షన్‌కు పోయిందని విన్నాను. గులాబీ బాటిల్ నా బండికే వేలాడుతోంది, డీలర్లు నవ్వితే నవ్వనీ. చెమట పట్టిన పాత బాటిల్‌ను అమ్మ పారేయనియ్యలేదు. మూత బిగుతుగా ఉందని అందులో పెరట్లో తీసిన బీర గింజలు పోసి పెట్టుకుంది. మా కంపెనీవి ఇస్తానంటే వద్దంది.