‘అమ్మకానికి కాదు’ అని ముద్ర వేసిన రికార్డులను అమ్మడం: నా అనుభవం

ఒక క్లబ్ డీజే వదిలించుకున్న రెండు పెట్టెల ప్రోమో రికార్డులను, అంటే కంపెనీలు ప్రచారం కోసం పంపిన పాటల రికార్డులను, వేరుచేసి, ఏ స్థితిలో ఉన్నాయో గ్రేడు వేసి, అమ్మిన క్రమం ఇది. ఎక్కువ సమయం పట్టింది అమ్మడానికి కాదు, చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోవడానికి.

ముందు వేరుచేయడం. టెస్ట్ ప్రెస్సింగ్ అంటే అసలు ముద్రణ మొదలుపెట్టే ముందు శబ్దం సరిచూడటానికి ఫ్యాక్టరీ తీసే ప్రతి. సాధారణంగా ఐదు నుంచి పది మాత్రమే తీస్తారు. వైట్ లేబుల్ ప్రోమో విడిగా ముద్రించిన లేబుల్‌తో (రికార్డు మధ్యలో అంటించే కాగితం) రేడియోకూ డీజేలకూ వెళ్తుంది. మూడోది దుకాణంలో దొరికే ప్రతే, కవర్ మీద బంగారు రంగు ముద్ర కొట్టి ఉంటుంది. ముద్ర ఒక్కటే తేడా అయితే ధర పెద్దగా పెరగదు. కవర్ మూల కత్తిరించినవీ, రంధ్రం పొడిచినవీ చూసి చాలామంది ప్రోమో అనుకుంటారు. అవి చాలావరకు మిగిలిపోయి చౌకగా వదిలేసిన సరుకు.

ఇవి డీజేలకు చేరిన దారి కూడా తెలిసి ఉండాలి. డీజేలు ఒక్కో కంపెనీ గుమ్మం తొక్కే అవసరం లేకుండా 1975లో న్యూయార్క్‌లో డేవిడ్ మాంకూసో తదితరులు రికార్డ్ పూల్ మొదలుపెట్టారు. కంపెనీలు ప్రతులన్నీ ఒకచోట ఇచ్చేవి, సభ్యులు తీసుకుని వాయించి, జనం ఎలా స్పందించారో కాగితం మీద రాసి ఇచ్చేవారు. అలాంటి కాగితమో, కంపెనీ ప్రచార పత్రమో కవర్‌లో దొరికితే పారేయకండి. రికార్డు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే.

ఇక ‘అమ్మకానికి కాదు’ అన్న మాట. ప్రోమో సీడీలు అమ్మిన ట్రాయ్ ఆగస్టో మీద యూనివర్సల్ మ్యూజిక్ కంపెనీ వేసిన కేసులో 2011లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇది తేల్చింది. ఎవరూ అడగకుండానే సీడీలు పంపి, తర్వాత అవి ఏమయ్యాయో పట్టించుకోకపోతే యాజమాన్యం గ్రహీతకు వెళ్లినట్టే, కవర్ మీద ఏం రాసినా సరే. ఇది అక్కడి చట్టం. వేరే దేశంలో అమ్మేవారు ఆ దేశపు చట్టం చూసుకోవాలి. డౌన్‌లోడ్‌గా వచ్చిన ప్రోమో ఫైళ్లను మాత్రం దీనితో కలపకండి.

గుర్తింపుకు నేను నమ్మేది లేబుల్‌ను కాదు, రనౌట్‌ను. పాట ముగిసి లేబుల్ మొదలయ్యే మధ్యలోని నున్నటి వలయంలో చెక్కిన అక్షరాలను, చేతిరాత ఏదో యంత్రపు అచ్చు ఏదో గమనిస్తూ, వాలుగా దీపం పెట్టి రెండు వైపులా రాసుకున్నాను. రికార్డుల వివరాలు చూసుకుని అమ్మకానికి పెట్టే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ప్రోమోకూ మామూలు ప్రతికీ వేర్వేరు పేజీలు ఉంటాయి. రనౌట్ కలిసే పేజీలోనే అమ్మకానికి పెట్టాలి. తెల్ల లేబుల్ మీద రబ్బరు స్టాంపు ఎవరైనా కొట్టగలరు, కాబట్టి దొంగ ప్రతులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి.

గ్రేడింగ్‌లో నేను మొదట్లో పొరబడ్డది కళ్లను నమ్మడం. డీజే ప్రతులకు ప్రత్యేకమైన దెబ్బ ఒకటుంది: పాట ఆరంభాన్ని పట్టుకోవడానికి రికార్డును ముందుకూ వెనక్కూ తిప్పగా తిప్పగా మొదటి కొన్ని సెకన్ల గాడి అరిగి బుసబుసమంటుంది. దీన్నే క్యూ బర్న్ అంటారు. కంటికి నిగనిగలాడే రికార్డులోనూ ఇది వినిపిస్తుంది. అమెరికా ఏడంగుళాల సింగిల్స్‌లో చాలా వాటిని స్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేశారు. అవి మామూలు వినైల్ రికార్డుల కన్నా త్వరగా అరుగుతాయి. అందుకే ప్రతి పాట మొదలునూ వినకుండా వీజీ ప్లస్ (చాలా బాగుంది అనే గ్రేడు కన్నా ఒక మెట్టు పైది) అని రాయను. ఒకే పాట ఒక వైపు మోనో, మరో వైపు స్టీరియోగా ఉంటే అది రేడియోకు పంపిన ప్రతి, రెండు వైపులా వినాలి. లేబుల్ మీద పెన్ను రాతలు, స్టిక్కర్లు ఉంటే ఉన్నట్టే రాసి ఫొటో పెట్టాను.

అసిటేట్, అంటే ముద్రించకుండా ఒక్కొక్కటిగా గాడి కోసి తీసిన నమూనా ప్రతి, దొరికితే వాయించి చూడాలన్న ఆశ అదుపులో పెట్టుకోండి. అల్యూమినియం పళ్లెం మీది మెత్తటి లాకర్ పూత వాయించిన ప్రతిసారీ అరుగుతుంది. ఆల్కహాల్ కలిపిన ద్రవంతో దాన్ని తుడవకూడదు.

ధరకు అడుగుతున్న అంకె కాదు, అమ్ముడైన చరిత్ర చూడాలి. 1965లో ఫ్రాంక్ విల్సన్ ‘సోల్’ అనే రికార్డు కంపెనీకి పాడిన సింగిల్ విడుదల కాకుండానే ఆగిపోయి, చాలా కొద్ది ప్రతులే మిగిలితే, ఒకటి 2009లో 25,742 పౌండ్లకు పోయింది. అది చూసి ప్రతి తెల్ల లేబుల్‌కూ అలాంటి ఆశ పెట్టుకోకూడదు. నా పెట్టెల్లో ఎక్కువభాగం ఒక్కొక్కటిగా కాక కట్టగానే అమ్ముడయ్యాయి.

ప్యాకింగ్‌లో రికార్డును కవర్‌లోంచి తీసి, లోపలి సంచితో సహా కవర్ వెనక పెట్టాలి. లోపలే ఉంచితే దారిలో కదిలి కవర్ అంచు చీలుతుంది. రెండు వైపులా గట్టి అట్ట, ఒక అట్ట ముడతల గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండేలా. ప్రచార పత్రాన్ని మడవకుండా అట్టకూ కవర్‌కూ మధ్య పెడతాను.