టీ మానలేదు, టైమ్ మార్చానంతే: నా గ్రూప్-2 అనుభవం

తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల సెలెక్షన్ లిస్టులో నా హాల్‌టికెట్ నంబర్ కనిపించినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ బుక్స్ చదివావక్కా? మీ దగ్గరున్నవే. నేను రాసేది టీ గురించి.

2023 జులై 1, అంతకు ముందు రాసిన గ్రూప్-4 ఉద్యోగాల పరీక్ష. ముందు రాత్రి రెండింటిదాకా చదివాను. అప్పట్లో రోజుకు ఏడెనిమిది టీలు. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో టీ బండి అన్న దగ్గర నాకు ఖాతా ఉండేది. పరీక్ష పొద్దున పరగడుపునే రెండు టీలు తాగి వెళ్ళాను. పేపర్-1 ఎలాగో గడిచింది. మధ్యాహ్నం పేపర్-2, సెక్రటేరియల్ ఎబిలిటీస్, 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. గుండె దడ, చేతుల్లో పెన్ను జారుతోంది. 61 వదిలేశాను, కానీ 62 జవాబును 61 ఎదురుగా దిద్దాను. 87 దగ్గర చూసుకున్నాను. జవాబుల గళ్ళు పెన్నుతో దిద్దే ఓఎంఆర్ షీట్‌లో దిద్దింది దిద్దిందే కదా! ఆ తర్వాతి గంట నాకు గుర్తు లేదు. చదవక పోయిన ఉద్యోగం కాదది, ఇప్పటికీ అదే అంటాను.

ఇంటికెళ్తే అమ్మ రాగి అంబలి చేతికిచ్చి "ముందు తాగు, తర్వాత ఏడువు" అంది.

నిద్ర పట్టట్లేదని వెళ్తే డాక్టర్ మొదట అడిగింది టీల లెక్కే. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుందట. ఒకేసారి మానేస్తే కొన్ని రోజులు తలపోటు. అందుకే రోజుకొకటి తగ్గించుకుంటూ వచ్చాను. సాయంత్రం నాలుగు దాటితే టీ బంద్. రాత్రికి ఐదారు తులసి ఆకులు, చిన్న అల్లం ముక్క వేసి మరిగించిన నీళ్ళు. తులసి టెన్షన్ తీసేస్తుందని నేననను. అందులో కెఫీన్ లేదు, చేతిలో వేడి గ్లాసు ఉంటుంది, నాకది చాలు. గ్రీన్ టీ అనుకునేరు, అందులోనూ కెఫీన్ ఉంటుంది. అశ్వగంధ పొడి జోలికి మాత్రం డాక్టర్‌ను అడగకుండా వెళ్ళకండి, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు మరీనూ.

రూమ్‌లో నన్ను 'కషాయం బ్యాచ్' అన్నారు. అననీ. నాలుగింటికి లేచామని స్టేటస్ పెట్టేవాళ్ళే అందరూ, పదకొండుకు పుస్తకం మూశామని ఒక్కరూ పెట్టరు. అదీ క్రమశిక్షణే.

2024 డిసెంబర్ 15, 16, గ్రూప్-2. రెండు రోజులూ పేపర్ల మధ్య గ్యాప్‌లో డబ్బాలో పెరుగన్నం, ఒక అరటిపండు. నాలుగో పేపర్‌లో ప్రతి పాతిక ప్రశ్నలకూ ఆగి నంబర్ సరిచూసుకున్నాను.

టీ బండి అన్న పాత బాకీ 140 రూపాయలు మొన్న తీర్చేశాను. ఒక టీ కూడా తాగాను, పొద్దున్నే, టిఫిన్ తిన్నాక.