అమ్మ మోకాళ్ల నొప్పి, మాత్రల సంచి

అమ్మకు బీపీ ఎప్పటినుంచో ఉంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర పొద్దున్నే వేసుకుంటుంది. స్టెంట్ పడ్డాక రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్) తోడైంది. వానల్లో మోకాళ్లు పట్టేస్తే ఎముకల డాక్టరు ఐదు రోజులకు ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర రాశారు. గడువు అయిపోయినా అదే చీటీతో మెడికల్ షాపు నుంచి తెప్పించుకుంటూనే ఉంది. పాదాలు వాచాయి, బీపీ 160 దాటింది.

ఫిజీషియన్ దగ్గరికి వెళ్లేముందు ఆవిడ మందుల సంచి మంచం మీద కుమ్మరించాను. షీట్ల వెనక చీమతలకాయంత అక్షరాలు! ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చదివితే ఎసిక్లోఫెనాక్‌తో పాటు, పంటినొప్పికి ఎప్పుడో తెచ్చిన డైక్లోఫెనాక్, పక్కింటి పిన్నిగారిచ్చిన ఐబుప్రొఫెన్ కూడా బయటపడ్డాయి. రంగులు, పేర్లు వేరే తప్ప మూడూ ఒకే జాతి నొప్పి మాత్రలు. అన్నీ కాగితం మీద రాసుకెళ్లాను.

రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7 వచ్చింది. అంతకుముందు 0.9. డాక్టరుగారు కాగితం మీద కిడ్నీ బొమ్మ గీశారు. రక్తం లోపలికొచ్చే నాళాన్ని నొప్పి మాత్ర బిగిస్తుందట, బయటికెళ్లే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుందట. పైగా బీపీ మాత్రలోనే ఉన్న హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ఎక్కువ పోయించి ఒంట్లో నీరు తగ్గిస్తుంది. మూడూ కలిసేసరికి వడపోతకు కావలసిన ఒత్తిడి ఉండదు.

"గ్యాస్ మాత్ర వేసుకుంటూనే ఉన్నా కదండీ" అంది అమ్మ. మా బంధువుల్లో అందరిదీ ఇదే ధీమా. పాంటోప్రజోల్ కాపాడేది కడుపుని, కిడ్నీని కాదు.

ఐబుప్రొఫెన్ సంగతి వేరే ఉంది. బస్సు సీట్లో ముందే తువ్వాలు వేసినట్టు ప్లేట్‌లెట్లలో అది చోటు పట్టేస్తే, తర్వాత వచ్చే ఎకోస్ప్రిన్‌కు కూర్చోను చోటుండదు. రక్తం గడ్డకట్టకుండా వేసుకున్న మాత్ర సరిగా పనిచేయదు, కడుపులో రక్తస్రావం ముప్పు మాత్రం పెరుగుతుంది. ఆ టెన్షన్‌లో ఎకోస్ప్రిన్ ఆపమంటారేమో అనుకున్నాను. స్టెంట్ ఉంది, ఒక్కపూట కూడా మానొద్దన్నారు.

నొప్పి మాత్రలన్నీ ఆపించి, బీపీ మందు మార్చి, మళ్లీ రక్తపరీక్ష రాశారు. క్రియాటినిన్ 1.1కి దిగింది. ఇప్పుడు నొప్పెక్కువైతే పారాసిటమాల్ 650, ఫిజియోథెరపీ, పైపూతకు డైక్లోఫెనాక్ జెల్. జెల్ నుంచి రక్తంలోకి చేరేది తక్కువే అయినా డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టాం. మాత్రకున్నంత గుణం దీనికి లేదని అమ్మ గొణుగుతూనే ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు ఇప్పటికీ గోడ పట్టుకుంటుంది.