చేపల పరీక్షలో నేను ముందు చూసే తొట్టి

పారిశ్రామిక రసాయనం చేపలకు ఎంత విషమో తేల్చే పరీక్ష నా పని. వినగానే అందరూ అడిగేది "ఎన్ని చచ్చిపోయాయి?" అనే. నేను మాత్రం ముందు రసాయనం కలపని కంట్రోల్ తొట్టి దగ్గరికి వెళ్తాను. అందులో 10 శాతం కంటే ఎక్కువ చేపలు చనిపోతే ఆ పరీక్ష మొత్తం చెల్లదు.

ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 203 నంబరు పద్ధతిలో పరీక్ష 96 గంటలు సాగుతుంది. కనీసం 5 గాఢతలు, ఒక్కోదానికి కనీసం 7 చేపలు. మేము ఎక్కువగా జీబ్రాఫిష్ వాడతాం. సగం చేపలను చంపే గాఢతే ఎల్‌సీ50.

అసలు టెన్షన్ నీటితోనే. రసాయనం ఆవిరైపోవచ్చు, గాజుకు అంటుకోవచ్చు, విచ్ఛిన్నం కావచ్చు. లీటరుకు 10 మిల్లీగ్రాములు వేశాం కాబట్టి చేపకు అంతే తగిలిందనుకోకూడదు. అందుకే నీటిలో రసాయనం నిజంగా ఎంత ఉందో కొలవకుండా చెప్పే ఎల్‌సీ50ని నేను నమ్మను. ఆక్సిజన్ కూడా 60 శాతం సంతృప్తత (నీరు గాలి నుంచి పట్టుకోగల గరిష్ఠంలో 60 శాతం) కంటే తగ్గకూడదు, లేకపోతే చేప విషంతో పోయిందో ఊపిరాడక పోయిందో చెప్పలేం.

చావొక్కటే లెక్క కాదు. పక్కకు ఒరిగి ఈదడం, నీటి పైకి వచ్చి నోరు తెరవడం, రంగు మారడం, అన్నీ రాస్తాం. ఇవి జీవులు, బాధపడతాయి. పెద్ద చేపలకు బదులు చేప పిండాలతో చేసే ఓఈసీడీ 236 పద్ధతి 2013 నుంచే ఉంది. అది సరిపోయే రసాయనాలకు పెద్ద చేపలను తొట్టిలో వేయకూడదని మీటింగుల్లో గట్టిగానే వాదిస్తుంటాను.