మద్ది కొమ్మకి దసలి కాయ

మార్చిలో మహాదేవపూర్ వైపు అడవికి వెళ్ళినప్పుడు ఆకులన్నీ రాలిపోయిన నల్లమద్ది కొమ్మకి ఒక కాయ వేలాడుతోంది, కోడిగుడ్డు కంటే కాస్త చిన్నది, గట్టిగా ఉంది, తొడిమ కూడా ఉంది. నేను నిజంగా చెట్టు కాయే అనుకున్నా. వెంట వచ్చిన పెద్దాయన "గది చెట్టు కాయ గాదు బిడ్డా, దసలి కాయ" అన్నాడు.

దసలి పట్టు పురుగు గూడు అది, సైన్సులో పేరు ఆంథీరియా మైలిట్టా. ఆ తొడిమని పురుగే పట్టుతో అల్లి కొమ్మ చుట్టూ ఉంగరంలా చుట్టేస్తుంది, ఎందుకంటే ఎండాకాలానికి మద్ది ఆకులు రాలతాయి కదా, ఆకుకి కడితే గూడు కూడా ఆకుతోపాటు నేలపాలే. నేను లాగి చూశాను, కొమ్మ వంగింది గానీ ఉంగరం మాత్రం ఊడలేదు! లోపల ప్యూపా, అంటే రెక్కలు రాకముందు గూట్లో ఉండే దశ, చలికాలం, ఎండాకాలం అంతా అలా నిద్రపోయి వానలు పడ్డాకే రెక్కల పట్టు చిలుకై బయటికొస్తుంది.

అది చూడాలనే తొలకరికి మళ్ళీ వెళ్ళాను. ఆ పెద్దాయన వాళ్ళింట్లో విత్తనం కాయల్ని, అంటే గుడ్ల కోసం ఉంచిన గూళ్ళని, దండలు కట్టి వేలాడదీశారు. పొద్దుగూకాక ఒక కాయ కొన తడిసింది, చిలుక వదిలే ద్రవానికి పట్టు మెత్తబడుతుందట, ఆ దారిలోంచి ముడతలు పడ్డ రెక్కలతో పాక్కుంటూ వచ్చి వేలాడింది, చూస్తుండగానే రెక్కలు విచ్చుకున్నాయి. జానకి కాస్త తక్కువ, పసుపు రంగు, ఆడది. ఒక్కో రెక్క మీద గుండ్రటి కన్ను, దాన్లోంచి అవతలి దీపం వెలుగు కనిపించింది, అక్కడ పొలుసులు ఉండవు, ఉత్త పొరే.

దీనికి తినడానికి నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు మేసిన మద్ది ఆకు బలంతోనే ఆ కొద్ది రోజులూ బతకాలి, ఆడది వాసన వదిలితే ఈకల్లాంటి మీసాలున్న మగది చీకట్లో వెతుక్కుంటూ వస్తుంది, గుడ్లు పెట్టాక ఇక అంతే.

మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో పెంచే జాతి కాదిది, చెట్టు మీదే పెరగాలి, పిట్టలు ఎత్తుకుపోకుండా మనుషులు అడవిలోనే కాపలా ఉంటారు. జార్ఖండ్‌లో దాబా, ఒడిశాలో సుకిందా, మన దగ్గరిది ఆంధ్రా లోకల్ రకం. మన రకం మన అడవిలోనే ఉండాలని నాకు చాలా గట్టిగా ఉంది, అందుకే మద్ది చెట్టు కొట్టేస్తుంటే చూడలేను.

వచ్చేటప్పుడు ఆ పాత కొమ్మ దగ్గర ఆగాను. కొత్త ఆకులొచ్చాయి, కాయకి చివర చిల్లు ఉంది, ఉంగరం ఇంకా అలాగే పట్టుకుని ఉంది.